సెకన్ల బాబాయి, మాత్రల డబ్బాలు

సెకన్ల బాబాయికి ఉన్నది ఒకటే పిచ్చి. టైమెంతని అడిగినవాళ్లకి సెకన్లతో సహా చెప్పందే వదలడు. బస్సులో ఎవరైనా అడిగితే, ఆయన చెప్పడం పూర్తయ్యేలోపు వాళ్ల స్టాపు దాటిపోయేది. కూతురు పుట్టినప్పుడు నర్సు బయటికొచ్చి "ఆడపిల్లండీ" అంటే, "ఎన్ని సెకన్లకి?" అన్నాడు. ఆ మాట పిన్ని ఇప్పటికీ మరిచిపోలేదు, ఆయన్నీ మరిచిపోనివ్వదు.

రిటైరయ్యాక పిచ్చి ముదిరి వెనక గదిలో ఒక సర్వరు పెట్టాడు. లోకంలో ఏ కంప్యూటరు టైమడిగినా అది ఊరికే చెబుతుంది.

"ఇంటికొచ్చి అడిగేవాళ్లు చాలలేదా?" అంది పిన్ని.

"పాపం, అడిగితే చెప్పొద్దుటే?"

బాగానే నడిచింది కానీ, ఉన్నట్టుండి ఆ సర్వరు మీద లక్షల ప్రశ్నలు విరుచుకుపడ్డాయి. ఇంట్లో నెట్ చతికిలపడింది. పిన్ని ఆన్‌లైన్లో సంగీతం చెబుతుంది. ఆవిడ పాడుతుంటే శిష్యులకి తెరిచిన నోరే కనబడేది, పాట వినబడేది కాదు. ఇలా ఉండగానే వాళ్ల మొట్టమొదటి కచేరీ రోజు వచ్చింది. సాయంత్రం ఆరింటికి, అదీ నెట్‌లోనే. ఆ పొద్దున్నే నెట్ కంపెనీ లైను మనిషి వచ్చాడు.

"మీ ఒక్క ఇంటి వల్ల వీధంతా నెట్ పాకుతోందండీ. సాయంత్రంలోగా ఆపకపోతే మీ లైను తీసేస్తాం."

"విన్నారుగా? ఒక్క మీట నొక్కితే పోయేదానికి!" అంది పిన్ని.

"కొంచెం ఆగవే."

"పిల్లలు గొంతులు పోయేలా సాధన చేశారు. మీ గడియారాల కోసం వాళ్ల పాట మంటగలపాలా?"

ఆయన ఫోను పట్టుకుని వెనక గదిలోకి జారుకున్నాడు. పిన్నికి ఒళ్లు మండింది. తనే నొక్కేద్దామని వెనకే వెళ్లి మీట మీద చెయ్యి వేసింది.

"టెస్టింగ్ కోసం డబ్బాల్లో మీ సర్వరు అడ్రసు పెట్టామండీ. తీయడం మరిచిపోయాం," అంటోంది ఫోను స్పీకర్లో ఒక ఇంజనీరమ్మ. వేళకి బెల్లు కొట్టి మాత్ర గుర్తుచేసే డబ్బాల కంపెనీ ఆవిడది; ప్రశ్నలు అక్కణ్ణించే వస్తున్నాయని బాబాయి ఆరా తీసి పట్టుకున్నాడు. "జవాబు ఆలస్యమైతే అవి సెకనుకోసారి అడుగుతాయి. మీరు బ్లాక్ చేసెయ్యండి, రేపు సరిచేస్తాం."

"మాత్రల డబ్బాలు కదమ్మా అవి! టైం తెలీకపోతే బెల్లు మోగుతుందా?"

"...మోగదండీ."

"బెల్లు మోగకపోతే ఆ పెద్దవాళ్లకి మాత్ర గుర్తుచేసేదెవరు? నేను బ్లాక్ చెయ్యను. ఇవాళే సరిచెయ్యి తల్లీ, అయ్యేదాకా ఫోను పెట్టను. ఆరింటికి మా ఆవిడ కచేరీ. అది ఆగిందా, నాకీ ఇంట్లో అన్నం పుట్టదు."

పిన్ని మెల్లిగా మీట మీంచి చెయ్యి తీసేసింది. ఈ మనిషిని తిట్టాలో, దగ్గరికి తీసుకోవాలో తెలీలేదు. బయటికొచ్చి లైను మనిషికి ఫోన్ చేసింది.

"నాయనా, ఇంకొంచెం ఓపిక పట్టు. లైను తీశావో, కచేరీ మొత్తం నీ ఫోన్లోనే పాడతాను."

అతను హడలిపోయి సరేనన్నాడు.

సాయంత్రమయ్యాక, సరిచేసిన ప్రోగ్రాం ఒక్కో డబ్బాకీ చేరేకొద్దీ ప్రశ్నలు పలచబడ్డాయి. తెర మీద పిల్లల మొహాలు కదిలాయి, గొంతులు వినబడ్డాయి. పిన్ని గబగబా శ్రుతి పెట్టుకుంది. అప్పటికే ఆలస్యమైపోయిందేమోనని ఆవిడకి ఒకటే కంగారు.

"ఏవండీ, టైమెంతైంది?"

ఆరు దాటి చాలాసేపైంది. ఎంతసేపో ఆయనకి తెలియకుండా ఉంటుందా?

"ఇంకా ఆరే. కంగారు పడకుండా మొదలుపెట్టు," అన్నాడు బాబాయి.

పిన్ని గోడ గడియారం వంక చూసింది. తర్వాత ఆయన వంక చూసింది.

"సెకన్లు?"

"ఇవాళ లేవు."