చుక్కకు అంటిన వెంట్రుకలు

చిలుకమ్మ కాజీపేట లోకోషెడ్ వెనక బొగ్గు ఏరేది. ఇంజన్లు కుమ్మరించిన బూడిదలోంచి సగం కాలిన ముక్కలు ఏరి, గంపకెత్తుకుని, చాయ్ హోటళ్లకు అమ్మేది. చేతులు ఎంత కడిగినా నలుపు పోయేది కాదు. తొర్రూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. రైల్వే క్వార్టర్లలో ఆమె మెత్తగా మాట్లాడగా విన్నవాళ్లు లేరు.

కొడుకు సారయ్య షెడ్డులో ఖలాసి. కోడలు యాకమ్మకు మొదటి ఇద్దరూ పురిట్లోనే పోయారు. మూడో కాన్పుకు ముందు చిలుకమ్మ ఐలోని అనే ఊళ్లో వెలిసిన మల్లన్నకు మొక్కింది. బిడ్డ బతికితే పుట్టువెంట్రుకలు జాతరలో తీయిస్తానని, అందాకా ఆ తలకు కత్తెర తాకనివ్వనని. బిడ్డ బతికాడు. మల్లేశం అని పేరు పెట్టారు. వాడికి మూడో ఏడు నడుస్తుండగా, 1978 చలికాలంలో, మొక్కు తీర్చుకునే జాతర దగ్గరపడింది. రోజూ వాడి జుట్టుకు నూనె రాసి రెండు జడలు వేసేది చిలుకమ్మే. ఆ పని యాకమ్మకు కూడా ఇచ్చేది కాదు.

పక్క క్వార్టరు ఇన్నమ్మది. వాళ్లు క్రైస్తవులు. రెండిళ్లకూ ఒకటే నల్లా. బొగ్గు చేతులతో నల్లా ముట్టొద్దని ఇన్నమ్మ అన్ననాటి నుంచి వాళ్ల మధ్య మాటలు లేవు, తిట్లు మాత్రం ఉన్నాయి.

ఇదేదీ పిల్లవాడికి తెలియదు. ఇన్నమ్మ మొగుడు రాయపు వాకిట్లో వెదురు చీలుస్తుంటే వెళ్లి నిలబడ్డాడు. మర్నాడు బద్దలు కట్టి ఐదు కొనలు తేల్చేసరికి అక్కడే కూర్చున్నాడు. ఆ మర్నాడు అన్నం కూడా అక్కడికే తెమ్మన్నాడు. క్రిస్మస్ వస్తోందని, ఈ చుక్క దానికేనని రాయపు చెప్పాడు. కాజీపేటలో రావలసినవన్నీ రైల్లోనే వస్తాయని వాడి లెక్క.

"బాపమ్మా, కిస్మస్ ఏ బండికొస్తది?"

"రాదు. ఆ బండి రద్దయింది."

"మల్ల రాయపు తాత వస్తదన్నడు?"

"వానికేం తెల్సు? వాడు టేషన్ మాస్టరా?"

ఏ కూత వినిపించినా వాడు గడప దాకా ఉరికి, "అచ్చింది!" అని అరిచేవాడు. చిలుకమ్మ రెక్క పట్టి లోపలికి లాగేది. ఆమె షెడ్డుకు పోగానే యాకమ్మ తలుపు తీసేది.

చుక్కకు ఎర్ర కాగితం అతికిస్తున్న రోజు పిల్లవాడు దాని మీదికి వంగాడు. జడ కొస ఉడికించిన మైదా లైలో పడి, కాగితం కింద అంటుకుపోయింది. లాగితే ఏడ్చాడు. ఇన్నమ్మ చేతిలో కాగితాలు కోసే కత్తెర ఉంది. జడ కొస కత్తిరించి, కాగితం నొక్కేసింది. రాయపు చుక్కను గడకు కట్టి నిలబెట్టాడు. తన వెంట్రుకలు అందులో ఉన్నాయి కాబట్టి చుక్క తనదేనని పిల్లవాడు చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం చిలుకమ్మ దువ్వెన పట్టింది. ఒక జడ పొట్టిగా ఉంది.

"యాకా, ఇదేంది?"

పిల్లవాడు పైకి చూపించాడు.

"నా చుక్క! నా ఎంటికలు!"

చిలుకమ్మ దువ్వెన పట్టుకునే పక్కింటి గడప ఎక్కింది.

"ఏమే ఇన్నమ్మా, నా పిలగాని నెత్తి మీద కత్తెర వెట్టనీకి నువ్వెవ్వతివే?"

"ఏడుస్తాండని కత్తిరించిన. బెత్తెడు లేదు. మల్ల మొలుస్తది."

"మొలవనీకి అది గడ్డా? అవి మల్లన్నయి. పిలగాడు నాకు దక్కిందే వాటి మీద. తే ఇటు."

"చుక్కల అంటుకున్నయి."

"దింపు."

"ఎక్కిచ్చిన చుక్క పండుగ దాటందే దిగది. మాకూ దేవుడున్నడు."

"ఉంటే వాని సొమ్ము వాన్ని తినుమను. మా దేవునిది ఎందుకు?"

"ముందు నీ బొగ్గు చెయ్యి నా తలుపు మీదికెల్లి తియ్యి."

ఆ రాత్రి పిల్లవాడు దగ్గాడు. చలికి దగ్గాడని సారయ్య అన్నాడు. చిలుకమ్మ నిద్రపోలేదు. పోయిన ఇద్దరికీ ఆమె పేర్లు కూడా పెట్టలేదు.

పండుగ ముందు రోజు సాయంత్రం, పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే గుంపు వచ్చే వేళకు, ఆమె గంపనిండా బూడిద తెచ్చి ఇన్నమ్మ గడప ముందు, చుక్క కింద కూర్చుంది. డోలు చప్పుడు దగ్గరకొచ్చింది.

"లే ఇక్కడికెల్లి, ముసల్దానా!" అంది ఇన్నమ్మ.

"దింపుతె లేస్త. లేకుంటె ఈ బూడిదంత వచ్చెటోళ్ల మీద."

పాటలవాళ్లు సందు మొదట్లో ఆగిపోయారు. డోలు ఆగింది. రాయపు తన పెళ్లాం మొహం చూశాడు. ఆమె తల తిప్పుకుంది. అతను గడ విప్పాడు.

చుక్క మెల్లగా కిందికి దిగింది. అది తన కోసమే దిగుతోందనుకున్నాడు మల్లేశం. యాకమ్మ చేయి విడిపించుకుని, "అచ్చింది! కిస్మస్ అచ్చింది!" అంటూ ఉరికాడు. రెండు చేతులూ చాచి దాని కింద నిలబడ్డాడు.

చిలుకమ్మ వాడికంటే ముందు అందుకుంది. కాగితాన్ని గోళ్లతో చింపింది. లై ఎండి గట్టిపడింది. ఒక కొన మొత్తం ఊడి వచ్చింది. వెంట్రుకలున్న ముక్కను కొంగున ముడివేసుకుంది. వెదురు బద్దలు బయటపడ్డాయి.

పిల్లవాడు ఏడవలేదు. కాసేపు ఆ బద్దలను చూశాడు. తరువాత పిడికిలితో బాపమ్మ మోకాలి మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆమె ఎత్తుకోబోతే ఇన్నమ్మ కాలు చుట్టుకున్నాడు. ఇన్నమ్మ వాడి వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది.

"పో బిడ్డా. నువ్వు వాళ్ల దేవుని పిలగానివి."

జాతరకు అందరూ ఐలోని వెళ్లారు. "ఒళ్లె కూసోవెట్టుకో అవ్వా" అన్నాడు మంగలి. చిలుకమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుని చేతులు చాచింది. వాడు రాలేదు. బెల్లం చూపించింది. రాలేదు. చివరికి యాకమ్మ ఒళ్లో కూర్చున్నాడు.

చిలుకమ్మ లేచి కొంగు విప్పింది. ఎర్ర కాగితం అంటిన వెంట్రుకలు మల్లన్న కోసం అందులోనే ఉన్నాయి. వాడి తల కింద కొంగు పరిచి పట్టుకుంది. ఒక్కటీ నేల మీద పడకుండా, తన చేయి వాడి ఒంటికి తగలకుండా.