కింది రేవు

మ్యాపులో దక్షిణం కింద ఉంటుంది. గుమాస్తాకు మాత్రం నది పారే వైపే కింద. ఆ నదేమో ఉత్తరానికి పారుతుంది. ఇంతే సంగతి. దీనికే ఆయనకు మూడు నెలలుగా తిండి సయించడం లేదు.

ఓడలకు సరుకెక్కించే ఆఫీసులో ఆయన ముప్పై ఒక్కేళ్లుగా రసీదులు రాస్తున్నాడు. ఎగువన ఒక రేవు, దిగువన ఒక రేవు. అసలు పేర్లే రాయాలని రూలుంది గానీ, రూలు గోడమీద ఉంటుంది, అలవాటు చేతిలో ఉంటుంది. ఆయన "కింది రేవు" అనే రాసేవాడు. పాత ఓడలవాళ్లందరికీ అర్థమయ్యేది. ఈసారి వచ్చింది కొత్త ఓడ. దాని సరుకు అధికారి మ్యాపు చూసి, ఒక రైతు విత్తనపు బంగాళాదుంపలను ఎగువ రేవులో దించేశాడు. జాడ తెలిసేసరికి అవి కుళ్లిపోయాయి, అదనూ దాటిపోయింది.

రసీదులో ఉన్న రేవు కాక వేరే రేవులో దించితే నష్టం ఓడదే. మరి రసీదులో ఉన్నది ఏ రేవు?

"కింద అంటే దిగువ అని ఆ అధికారికి నోటితో చెప్పానని ఒక్క ముక్క అనండి చాలు," అన్నాడు రైతు తరఫు వకీలు.

"అనేయండి. నాలుగు నెలల్లో రిటైరవుతారు. ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారి అని మీకెందుకండీ ఈ పంతం?" అంది భార్య.

పంతమా పాడా! ఆయనకు ఓపికే లేదు. విచారణ గదికి మెట్లెక్కేసరికే మోకాళ్లు పీకాయి. ఎదురుగా ఆ సరుకు అధికారి, కళ్లు గుంటలు పడి కూర్చున్నాడు. ఆ ఒక్క ముక్క అంటే అతని లైసెన్సు పోతుంది.

"అతనికి చెప్పారా?" అని విచారణాధికారి అడిగారు.

"లేదండి. అతను అడగలేదు, నేను చెప్పలేదు. అందరికీ తెలుసనుకున్నాను."

వకీలు ఫైలు టప్పున మూశాడు. రసీదులో ఏ రేవో తేలలేదు గనక ఓడ నష్టం కట్టకుండా బయటపడింది.

బయట మెట్లమీద రైతు కూర్చుని ఉన్నాడు. తిడితే బాగుండునని గుమాస్తాకు నిజంగానే అనిపించింది.

"మీమీద కోపం లేదయ్యా," అన్నాడు రైతు. "ఒక్క అబద్ధం ఆడుంటే ఈ ఏడు గట్టెక్కేవాణ్ణి, అంతే." అని పక్కకు జరిగి చోటిచ్చాడు.

కూర్చోవడానికి గుమాస్తాకు మొహం చెల్లలేదు.