ఎడమ పక్క ఇంగ్లీషు, కుడి పక్క మన మాట

మా తమ్ముడు పోయాడు. పొద్దున దీపం ముట్టిస్తుంటే మహబూబాబాద్ దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. వాడి బడిలోనే పనిచేసే ఇంకో సారు ఒక్కమాటే అన్నాడు. "అక్కా, మన సారు లేడు." చేతిలో అగ్గిపుల్ల వేళ్లదాకా కాలింది. ఇంకో పుల్ల గీసి, ఆ దీపం ముట్టించాకే కొడకండ్లలో బస్సెక్కాను.

వాడు గంగారం బడిలో ఇంగ్లీషు చెప్పేవాడు. పెండ్లి చేసుకోలేదు. అమ్మ పోయినప్పుడు నాలుగేండ్లవాడు. పెద్దదాన్ని కాబట్టి నేనే పెంచాను.

వాడి దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. పేజీ నడుమ గీత. ఎడమ పక్క ఇంగ్లీషు నుడికారం, కుడి పక్క దానికి మన మాట. ఆ మన మాట కోసం ఆదివారం నా పూజ అయ్యేవేళకు ఫోన్ చేసేవాడు.

"అక్కా, వాళ్లు 'కోల్డ్ షోల్డర్' అంటరు. ఎదురువడ్డా పల్కరియ్యకపోవుడు. మనమేమంటం?"

"మొఖం తిప్పుకొనుడు. భుజం సల్లవడితే కాపడం పెట్టుకోమను."

"గదీ! రాసుకుంటున్న."

నేను చదివింది ఏడో తరగతి. నా మాట వాడి బోర్డు ఎక్కేది.

ఒకసారి వాడి బడికి పోయాను. జోరువానకు ఇంగ్లీషువాళ్లు 'కుక్కలు, పిల్లులు కురుస్తున్నయ్' అంటారని చెబుతున్నాడు. వెనక బెంచి పిల్ల లేచింది. "సార్, పడ్డ కుక్కలు ఎవర్నన్న కరిసినయా?" పిల్లలంతా నవ్వారు. వాడూ నవ్వాడు. "మీ తాన ఏమంటరే?" "కుండపోత, సార్." "మరి ఆకాశంల కుండలున్నయా?" పిల్ల నాలుక కరుచుకుని కూర్చుంది. "ఎవల మాట వాళ్లకు సక్కగనే ఉంటది బిడ్డా" అన్నాడు.

అర్థం తేలకపోతే కుడి పక్క ఖాళీ వదిలేవాడు, నెలలైనా సరే. "తప్పు రాసుడు కన్న ఖాళీ నయం అక్కా. పిల్లలు నమ్ముతరు."

వానాకాలంలో వాడి కడుపులో గడ్డ అన్నారు. డాక్టరు ముందు పక్కనే కూర్చున్నాను. తమ్ముడే ఇంగ్లీషులో అడిగాడు. డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. 'ఓన్లీ ఎ మ్యాటర్ ఆఫ్ టైమ్' అన్న ముక్క చెవిన పడింది.

బయటికొచ్చాక అడిగాను. "ఏమన్నడురా?"

"జర టైమ్ పడ్తదట. తగ్గుతదట." వంగి చెప్పులేసుకుంటూ అన్నాడు. నా మొఖం చూడలేదు.

నమ్మాను. శనివారాలు ఒక్కపొద్దు ఉన్నాను. భూపాలపల్లిలో ఉన్న చెల్లె చూడవస్తానంటే, "పత్తి ఏరుడు అయినంక రా, తొందరేం లేదు" అన్నాను. చివరికి దవాఖాన మంచం మీంచి వాడే నన్ను ఇంటికి పంపాడు. "పో అక్కా, గుడిల దీపం పెట్టి రా. నేన్యాడికి పోత?" రెండో రోజే ఆ ఫోన్.

"తొందరేం లేదంటివి గదనే అక్కా!" చెల్లె తమ్ముని మీద పడి ఏడ్చింది. ఆ తర్వాత నన్ను చూస్తే మొఖం తిప్పుకుంది.

దినాల నాడు బడి నుంచి నోటుబుక్కు తెచ్చిచ్చారు. చెల్లె బిడ్డ చివరి పేజీ తీసింది. ఎడమ పక్క డాక్టరు అన్న ఆ ముక్క. కుడి పక్క ఏమీ లేదు.

"దీనర్థం ఏందే?"

ఆ పిల్ల తల వంచుకుంది. "ఇగ అయ్యేది ఆగదు పెద్దమ్మా, ఎప్పుడన్నదే ఉన్నది... అని."

చెల్లె విన్నది. వచ్చి నా పక్కన కూర్చుంది.

పిల్లలకు తప్పు అర్థం ఏనాడూ చెప్పనివాడు నాకు ఒక్కటి చెప్పాడు. కాగితం మీద మాత్రం దాన్ని పెట్టలేకపోయాడు. ఆ ఒక్కదానికి మన మాట ఏమిటని నన్ను అడగనూలేదు. దేవుని ముందు నిజమే చెబుతాను, వాడి మీద కోపం ఉంది. ఆ మూడు నెలలు వాడి పుణ్యాన ఆశతో నిద్రపోయాను, అదీ ఉంది.

నోటుబుక్కు దేవుని అర్రలో పెట్టాను. ఆదివారం పూజ కాగానే ఆ పేజీ తెరుస్తాను. పెన్ను ముట్టను. దీపం వెలుగు గీత దాటి ఆ తెల్లటి సగం మీద పడుతుంది. ఫోన్ పక్కనే పెట్టుకుని కాసేపు కూర్చుంటాను.