కళ్ళద్దాలమ్మ వ్యానుకు కొత్త సైలెన్సర్

అందరూ ఆమెను కళ్ళద్దాలమ్మ అనేవారు. ముప్ఫై ఏళ్ళుగా ఊరూరా తిరిగి బడిపిల్లలకూ పెద్దవాళ్ళకూ కళ్ళు పరీక్షించి అద్దాలు అమర్చడమే ఆమె పని. పెళ్ళి మాట తలపెట్టలేదు. అన్న పోయాక, "గోడలు చూస్తూ ఎన్నాళ్ళు కూర్చుంటావు వదినా, నాతో రా" అని వదినను వ్యాను ఎక్కించుకుంది.

వ్యానంటే అదే వాళ్ళ ఇల్లు. వెనక మంచం, కుడిపక్క రెండు పొయ్యిల గ్యాసు స్టవ్వు, దాని పైన కిటికీ, తలుపు దగ్గర అద్దాల సొరుగులు. ఇరవై ఆరేళ్ళ బండి. మంచం పట్టడం కోసం దాని వెనక భాగాన్ని పాత యజమాని ఎవరో మూరెడు పొడిగించాడు.

ఆ ఏడు చలి మొదలైన దగ్గర్నుంచి కళ్ళద్దాలమ్మకు తలనొప్పి పట్టుకుంది. పొద్దున్నే బండి తీస్తే మధ్యాహ్నానికల్లా కణతలు బద్దలయ్యేవి, కడుపులో తిప్పేది. తన కళ్ళు తానే పరీక్షించుకుని రెండుసార్లు అద్దాలు మార్చుకుంది. ఫలితం సున్నా. వాళ్ళమ్మ యాభై తొమ్మిదో ఏట తలలో గడ్డతో పోయింది. ఈమెకిప్పుడు యాభై ఎనిమిది.

"ఫ్రేములు తెచ్చుకొస్తా" అని వదినతో అబద్ధమాడి, పెద్దాసుపత్రికి వెళ్ళి స్కాన్ తీయించుకుంది. తలలో ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే నొప్పెందుకు? అంత పెద్ద మిషనుకే దొరకని రోగమైతే అదెంత మాయదారిదో అని బెంగ రెట్టింపైంది. ఏ పనిముట్టు ఎవరికివ్వాలో చీటీలు రాసి సొరుగులకు అంటించడం మొదలుపెట్టింది. వదిన అడిగితే, "సర్దుతున్నాలే" అంది.

ఇంతలో బండి గోల మొదలైంది. ఒక బడి ముందు ఆపితే హెడ్మాస్టరు బయటికొచ్చి, "ట్రాక్టరు ఎవరిదండీ?" అన్నాడు. వదినకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే మరదల్ని వెంటబెట్టుకుని మెకానిక్ షెడ్డుకు నడిచింది.

మేస్త్రీ ఆ పనిలో తలపండినవాడు. బండిని పైకెత్తించి, ఇంజన్ ఆన్ చేయించి, సైలెన్సర్ చివర తడిగుడ్డ అడ్డం పెట్టాడు. మంచానికి సరిగ్గా కిందనున్న అతుకు దగ్గర బుస్సుమని పొగ వచ్చింది. గుడ్డ తీసేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. మీ ఇద్దర్లో ఎవరికైనా తలనొప్పి వస్తోందా?"

"నాకు" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నీకెప్పట్నించి వదినా?"

"చలి మొదలైన దగ్గర్నించి. మీ అన్నకున్నట్టే నాకూ బీపీ వచ్చిందనుకున్నా. చెబితే పని మానుకుని నాకు సేవలు చేస్తూ కూర్చుంటావని నోరు మూసుకున్నా."

"నేను అమ్మకొచ్చినట్టే వచ్చిందనుకున్నా. స్కాన్ కూడా తీయించుకున్నా."

"స్కానా! ఫ్రేములకని వెళ్ళింది అందుకా? దొంగముండా, ఒక్క ముక్క చెప్పలేకపోయావా!"

తిడుతూనే వదిన మరదలి భుజం పట్టుకుని ఏడ్చేసింది. కళ్ళద్దాలమ్మ నవ్వుతూ అక్కడే పాత టైరు మీద కూలబడింది. తలలో గడ్డ లేదు. గొట్టంలో చిల్లి ఉంది. అంతే. మూడు నెలలుగా గుండెల మీదున్న బండ ఎవరో ఎత్తి అవతల పారేసినట్టయింది.

మేస్త్రీ మాత్రం నవ్వలేదు. "చలని కిటికీలన్నీ బిగించుకున్నారు. నేల సందుల్లోంచి విషపు పొగంతా లోపలికే వచ్చింది. ముందు డాక్టరుకి ఈ సంగతి చెప్పండి. కొత్త సైలెన్సర్ పడేదాకా ఈ బండి నడపొద్దు, ఇందులో పడుకోవద్దు."

డాక్టరు రక్తం పరీక్షించి, "ఇప్పటికైనా బండి దిగారు, బతికిపోయారు" అన్నాడు. షెడ్డు వెనక వీధిలో గది అద్దెకు తీసుకున్నారు. మూడో రోజుకు ఇద్దరి తలలూ తేలికపడ్డాయి. కళ్ళద్దాలమ్మ చీటీలన్నీ పీకి పొయ్యిలో పడేసింది.

ఇక మిగిలింది సైలెన్సర్ ఎంచుకోవడం. మేస్త్రీ రెండు రకాలు తెచ్చి నేల మీద పరిచాడు. ఒకటి ఆ కంపెనీ బండికి రెడీమేడ్‌గా దొరికే ఇనుప గొట్టం. రెండోది తళతళలాడే లావుపాటిది. వదిన కళ్ళు దాని మీదే పడ్డాయి.

"ఇది బాగుందే! మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు."

"బళ్ళ పందేల కుర్రాళ్ళు పెట్టుకునేదమ్మా అది. ఇప్పుడున్న దానికి రెండింతలు అరుస్తుంది."

"అయితే పైన పటారం, లోన లొటారమన్నమాట" అని వదిన దాన్ని కాలితో పక్కకు నెట్టింది.

కళ్ళద్దాలమ్మ టేపు తీసుకుని బండి కింద దూరింది. ఇనుప గొట్టం కొలిచింది, బండి కొలిచింది. పొడిగించిన బండికి అది మూరెడు తక్కువ. పొగ మళ్ళీ మంచం కిందే వదులుతుంది.

"బాబూ, మనిషి ముక్కు కొలవకుండా అమ్మిన అద్దాలు పెట్టుకుంటే తలనొప్పే వస్తుంది. ఈ బండికీ కొలిచి చేసిందే కావాలి."

"స్టీలుతో వంచి చేయిస్తాను. తుప్పు పట్టదు. ఖర్చెక్కువ, పన్నెండు రోజులు ఆగాలి."

"ఆగుతాం. గొట్టం మూతి ఎటు పెడతారు?"

"కుడివైపు పెట్టడం తేలిక."

"కుడివైపు వంట కిటికీ ఉంది. ఎడమవైపు తిప్పండి. వెనక గోడ దాటి బయటికి రావాలి."

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. "మీరు అద్దాల పనిలో పడబట్టి మా పొట్టలు నిండుతున్నాయమ్మా" అన్నాడు.

పన్నెండన్నది పదిహేను రోజులైంది. మేస్త్రీ నేల సందులన్నీ మూసి, విషవాయువు చేరితే కూతపెట్టే అలారం మంచం పక్కన బిగించి, మళ్ళీ తడిగుడ్డ పరీక్ష పెట్టాడు. ఏ అతుకూ బుస్సుమనలేదు.

బండి రోడ్డెక్కింది. ఇంజన్ ఉందా లేదా అన్నంత నెమ్మది. పది మైళ్ళు పోయాక చూస్తే, పక్కసీట్లో వదిన తల వాల్చేసి ఉంది. కళ్ళద్దాలమ్మ గబుక్కున బండి పక్కకు ఆపి గట్టిగా కుదిపింది.

"వదినా! తలనొప్పిగా ఉందా?"

వదిన ఒక కన్ను తెరిచింది. "హాయిగా నిద్రపోయేదాన్ని ఇలా కుదిపితే రాదేమిటే? పోనీ, బండి పోనీ."