పొడిగా చదివే మనిషి

మా గురువుగారి మీద నా కోపం ఇవాళ్టిది కాదు. టీవీ హాస్య సీరియళ్లు రాయడంలో ముప్పై ఎనిమిదేళ్లుగా తలపండిన మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ప్రతి ఛానల్లోనూ పెద్ద పెద్ద గదుల్లో కూర్చున్నారు. ఆయన మాత్రం మూడో అంతస్తులో, ఏసీ నీళ్లు బొట్లు బొట్లుగా కారే గదిలో, మా స్క్రిప్టుల్లో మాటలు కొట్టేస్తూ ఉండిపోయారు. చాటుగా ఆయన్ని కత్తెర అనేవాళ్లం.

ఎవరేం రాసినా బల్ల చుట్టూ అందరి ముందూ ఆయనే చదువుతారు. కరెంటు బిల్లు చదివినట్టు, పొడిగా. అలా చదివినా ఎవరైనా నవ్వితే ఆ మాట ఉంటుంది. లేకపోతే ఎర్ర గీతే.

"నటించి చదివితే చచ్చిన జోకు కూడా లేచి కూర్చుంటుందమ్మా. రేపు ఆ నటుడికి జలుబు చేస్తే?" అనేవారు.

నేను చేరిన కొత్తలో నా పదకొండు పేజీల్లో రెండు వాక్యాలు మిగిల్చారు. బాత్రూంలో ఏడ్చి, ముఖం కడుక్కొచ్చి మళ్లీ రాశాను. ఇరవై ఏళ్లు అదే వరస. ఇప్పుడు ఆ బల్లకి హెడ్ రైటర్ని నేనే.

మొన్నామధ్య ఛానల్‌కి కొత్త మేనేజరు వచ్చాడు. ఈ పెద్దాయన ఏం రాస్తున్నారని ఉంచుకున్నామన్నాడు. దిద్దడం కూడా పనేనయ్యా అంటే గోడకి చెప్పినట్టే. చివరికి ఒక మాట అనుకున్నాం. ఆయన సొంతంగా ఒక్క ఎపిసోడ్ రాయాలి. అది బావుంటే ఉంటారు, లేకపోతే ఇంటికే.

తొమ్మిది రోజులు రాశారు. పదో రోజు చదవడం మొదలుపెట్టారు. అద్దెకున్నవాడు ఇంటాయనకి సైకిల్ నేర్పే కథ. ఒక పేజీ అయింది, రెండోదీ అయింది. చుట్టూ ఉన్న రచయితలంతా బల్లకేసి చూస్తున్నారు. మేనేజరు తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒక్కరూ నవ్వలేదు. మూడో పేజీలో పకపకా నవ్వేశాను. నన్ను చూసి అందరూ నవ్వారు.

ఆయన ఆగి కళ్లజోడు తీశారు. "దేనికి నవ్వావు?"

నేను కలం మూత తిప్పుతూ కూర్చున్నాను.

"నీళ్లు తాగాడు అని రాశాను. అక్కడ జోకే లేదు. నా మీద జాలిపడుతున్నావా?"

"ఎలా ఉంది మేడమ్? ఉంచుదామా?" అన్నాడు మేనేజరు.

గురువుగారు నన్నే చూస్తున్నారు. ఒక్క అబద్ధం ఆడితే ఆయన కుర్చీ ఆయనకి ఉండేది. ఆ చూపు ముందు నా వల్ల కాలేదు.

"నవ్వు రాలేదు," అన్నాను.

"అదీ," అన్నారు, ఊపిరి పీల్చుకుని. కాగితాలన్నీ ఆయనే నిలువునా కొట్టేశారు. ఆ ముఖంలో సంతోషం చూసి ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం పోయింది ఆయనది, ఊడగొట్టింది నేను, మెచ్చుకోలూ నాకేనా! సంచి తగిలించుకుని వెళ్తుంటే మెట్ల దాకా వెంటపడ్డాను.

"ఈ ఒక్క పూటకీ చూసీచూడనట్టు ఊరుకోకూడదా సార్?" అని అరిచాను.

"వెళ్లమ్మా. ఇంకా నీ సీను ఉంది, ఇక నువ్వే చదవాలి," అని దిగిపోయారు.

తిరిగొచ్చి బల్ల చివర కూర్చున్నాను. నా సీను కాగితం తీసి, ఆయనలాగే పొడిగా మొదటి వాక్యం చదివాను. ఆమె తలుపు తీస్తుంది, అంతే. అక్కడ జోకే లేదు.

అందరూ నవ్వారు.