పటిక అనుకున్న ముక్క

"అమ్మా, పటిక కాల్తన్నాది," అంది మా పెద్దపాప. నిన్న మధ్యాహ్నం వంటింట్లో బియ్యం చెరుగుతూ ఆ మాట విన్నాను. పటిక కాలదు. చేట వదిలేసి పెరట్లోకి పరుగెత్తేసరికి ఆరేళ్ల పిల్ల బిందె ముందు కూర్చుని, వక్కంత తెల్లటి ముక్కను గుప్పిట్లో పట్టుకుని నీళ్లలో ముంచబోతోంది. నీళ్లు తగిలితే పేలుతుందని అరుస్తూ చేతి మీద ఒక్కటి కొట్టాను. ముక్క ఎగిరి నీళ్లు పోయే కాలువలో పడి, బుస్సుమని, పసుప్పచ్చటి మంటతో లేచి పేలింది.

వానలు పడ్డాక మా చీపురుపల్లి బావిలో నీళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి. బిందెలో పటిక నాలుగు చుట్లు తిప్పి, తేరుకున్నాక వంచుకుంటాం. తిప్పే పని పెద్దపాపది. నిన్న ముక్క చేతికిచ్చింది అత్తయ్య.

అది పటిక కాదు, సోడియం. మావారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. బడి బీరువా మీద కప్పు కారుతోందని పోయిన వారం దాని సీసా ఇంటికి తెచ్చి అటక మీద పెట్టారు. కిరసనాయిలు దొరకని రోజులు కదా, అత్తయ్య సీసాలో ముక్కను ముంచి ఉంచిన కిరసనాయిలంతా లాంతర్లోకి వంపుకున్నారు. మిగిలిన ముక్క గాలి తగిలి తెల్లగా పొర కట్టింది. కొడుకు పటిక తెచ్చాడనుకున్నారావిడ.

విజయనగరంలో బీఎస్సీ చదివేటప్పుడు ఆ ముక్కంటే నాకెంత ముచ్చటో. లెక్చరరుగారు దాన్ని వెన్నలా కోస్తే లోపల వెండిలా మెరిసి, మనం చూస్తుండగానే మసకబారేది. కందిబద్దంత తుంపు తొట్టిలో వేస్తే గుండ్రటి పూసై, బుసకొడుతూ నీటి మీద పరుగులు తీసి మాయమయ్యేది. ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే ఆ నీళ్లన్నీ గులాబీరంగుకు తిరిగేవి. పొటాషియం అయితే ఊదారంగు మంటతోనే పరిగెత్తేది. ఆడపిల్లలం ముగ్గురం వెనక బెంచీ ఎక్కి మరీ చూసేవాళ్లం. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది, పేజీలు పేజీలు రాశాను. ఫస్టుక్లాసు వచ్చేనాటికి నా మెడలో పుస్తె ఉంది.

పాప చేతిని ముందు పొడి చెంగుతో తుడిచి, చెంబులు చెంబులు నీళ్లు కుమ్మరించాను. అత్తయ్య అడ్డం వచ్చారు.

"నీల్లు తగిల్తే పేల్తాదని నువ్వేగదే అరిసేవు, మల్లీ దాని సేతిమీద నీల్లేటే?"

ముక్క పోయాక మిగిలేది క్షారమనీ, దాన్ని కడిగితీరాలనీ ఏడుస్తున్న పిల్లను పట్టుకుని ఎలా చెప్పను? మావారి పొందూరు పంచె చింపి కట్టు కట్టాను. అరచేయంతా బొబ్బలు. అది రాసే చేయి.

సాయంత్రం ఆయన వచ్చి కట్టు చూసి, "బీఎస్సీ సదివేవు గదా, అమ్మకి ముందే సెప్పొద్దేటి?" అన్నారు.

సీసా తెచ్చిన రోజు చెప్పబోయాను. దీన్ని ఇంట్లో ఉంచొద్దు, ఉంచితే అత్తయ్యకు చెప్పండి అన్నాను. "మాస్టారికే పాఠం సెప్తావేటి?" అని నవ్వారు. అరుగు మీంచి అత్తయ్య, "మా కోడలు సదువు సూపిస్తన్నాది," అన్నారు. ఈ ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు పడ్డానో. మళ్లీ పడలేక నోరు మూసుకున్నాను. ఒక్క వేళాకోళానికి జడిసి నా పిల్ల చేయి కాల్చుకున్నాను.

ఆ తొట్టి, ఆ పరుగులు, ఆ గులాబీరంగు ఇన్నేళ్లూ నాకు మిగిలిన ఒకే ఒక్క మురిపెం. ఇకమీదట అవి తలచుకుంటే కాలిన చర్మం వాసనే వస్తుంది.

ఈ ఉదయం పిల్లలిద్దరినీ పెరటి మెట్ల మీద కూర్చోబెట్టుకుని దాని పేరు చెప్పాను. కిరసనాయిల్లో ఉన్నంతసేపే అది బుద్ధిగా ఉంటుందని, నీళ్లు కనిపిస్తే ఆగలేదని చెప్పాను. నానమ్మకి తెలీదా అని అడిగింది పెద్దది. నానమ్మ తెలియక ఇచ్చింది, నేను తెలిసీ చెప్పలేదు, తప్పు నాది అన్నాను. మీకు తెలిసింది మాత్రం ఎవరు నవ్వినా చెప్పేయండి అన్నాను. అరుగు మీదున్న అత్తయ్యకు వినపడేలాగే అన్నాను.