బాలింత గదిలో కుంపటి

ఖిల్లా ఘణపూర్ చుట్టుపక్కల పల్లెల్లో మంత్రసాని ఏసమ్మ చేతిలో పుట్టని పిల్లలు తక్కువ. రైతుల ఇళ్లలో ఆమెకు పురుటిగది దాకా దారి ఉండేది. పురుడు గడిచాక మళ్లీ వాకిలి బయటే. అయినా కాన్పు విషయంలో ఆమె మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. తన చేతి మీద తనకే నమ్మకం పోయింది మాత్రం 1938 క్రిస్మస్ నాడు.

ఆ ఏడు చలి గట్టిగా ఉంది. కూతురు కాంతమ్మ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి, పండుగ ఆరు రోజులుందనగా మగపిల్లాణ్ణి కన్నది. ఏసమ్మ ఊళ్లో అందరికీ చేసినట్టే కూతురికీ చేసింది. మంచం కింద తుమ్మబొగ్గుల కుంపటి పెట్టింది. మట్టిమిద్దె కప్పులో గాలీ వెలుతురూ వచ్చే గవాక్షిలో గోనెపట్టా కుక్కింది. తలుపు సందుల్లో పాతగుడ్డలు దూర్చింది. బాలింతకు గాలి సోకరాదని ఆమె తల్లి నేర్పిన పద్ధతి అది.

పండుగ పొద్దున ఊరి బయటి వాళ్ల వాడంతా ప్రార్థనకు బయలుదేరింది.

"నువ్వు పోయిరా అమ్మా," అంది కాంతమ్మ. "తల జర బరువుగున్నది, పండుకుంట."

"బాలింతకు గట్లనే ఉంటది బిడ్డా. బొగ్గులు నింపి పోత. గాలి రాకుంట తలుపుకు గొళ్లెం పెడ్త."

కుంపటి నిండా నిప్పులు పోసి, పిల్లాణ్ణి గుమ్మం పక్కన చీర ఉయ్యాలలో వేసి, బయట గొళ్లెం పెట్టి వెళ్లింది.

చర్చిలో రెండో పాట అయ్యేసరికి ఏసమ్మకు పొద్దుటి తలపోటు ఎక్కువైంది. కణతలు అదురుతున్నాయి. బయటికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. చల్లగాలికి కాసేపట్లో తల తేలికపడింది. మూడు రోజులుగా ఇదే వరస అని అప్పుడు గుర్తొచ్చింది. ఆ గదిలో ఉన్నంతసేపూ తలపోటు, బయటికొస్తే తగ్గుతోంది.

ఆ వెంటనే జములమ్మ గుర్తొచ్చింది.

మూడేళ్ల కింద ఊళ్లో ఒక రైతు ఇంట్లో, తిమ్మమ్మ కోడలు జములమ్మ ఆడపిల్లను కన్నది. ఐదో రోజు పొద్దున తలనొప్పి అంటే ఏసమ్మే ఇంకో నాలుగు బొగ్గులు వేసి వచ్చింది. మధ్యాహ్నం తలుపు తీసేసరికి పిల్ల ఏడుస్తోంది, తల్లి నిద్రపోతున్నట్టే చనిపోయి ఉంది. గాలి పట్టిందన్నారు ఊళ్లోవాళ్లు. పిల్ల తల్లిని మింగిందన్నారు. ఏసమ్మ కూడా తలూపింది.

ఏసమ్మ లేచి తన ఇంటికి పరుగెత్తింది. చర్చి గుమ్మం దగ్గరున్న తమ్ముడు వెంకటన్న అక్క వాలకం చూసి వెంటపడ్డాడు. గొళ్లెం తీసేసరికి వేడిగాలి ముఖాన కొట్టింది. కాంతమ్మ సగం మంచం మీద, సగం కింద. పిలిస్తే పలకలేదు.

"పిల్లగాన్ని తీస్కొని బైటికి పో," అని తమ్ముడికి చెప్పి, కూతురి చంకల కింద చేతులు వేసి వాకిట్లోకి ఈడ్చింది. ముఖాన నీళ్లు కొట్టింది, అరికాళ్లు రుద్దింది. చర్చి నుంచి జనం తిరిగొచ్చే వేళకు గాని కాంతమ్మ కళ్లు తెరవలేదు. పిల్లాడు గుమ్మం సందు దగ్గర ఉండబట్టి కాబోలు, త్వరగానే తేరుకుని పాలకు ఏడ్చాడు. కాంతమ్మకు మాత్రం చాలా నెలలు అడుగు తూలేది. మాట మధ్యలో ఆగిపోయి, ఏం చెప్పబోయానమ్మా అని అడిగేది. అడిగినప్పుడల్లా ఏసమ్మ ముఖం తిప్పుకునేది.

మూడో రోజు ఆమె తిమ్మమ్మ వాకిలి ముందు నిలబడింది. అరుగు చివర మూడేళ్ల పిల్ల ఒక్కతే మట్టిలో ఆడుతోంది.

"ఏమే ఏసమ్మా, గిట్లొచ్చినవు?"

"నీ కోడలిని గాలి పట్టలే తల్లీ. ఈ పిల్ల మింగలే. నేను పెట్టిన కుంపటి సంపింది."

తిమ్మమ్మ చెరుగుతున్న చాట కింద పెట్టింది. "గీ మాట ఎవలు చెప్పిన్రు నీకు?"

"ఎవలు చెప్పలే. నా బిడ్డకు గట్లనే అయింది. బైటికి గుంజితే బతికింది."

"మరి నా కోడలిని ఎందుకు గుంజలే?"

"తెల్వక."

"తెల్వక," అంది తిమ్మమ్మ మెల్లగా. "మూడేండ్ల సంది దీన్ని నేను ఒళ్లోకి రానియ్యలే. పేరు గూడ పెట్టలే." మళ్లీ చాట చేతికి తీసుకుని, "పో ఏసమ్మా. మళ్ల నా కండ్ల పడకు," అంది.

ఆ మాట ఊరంతా పాకింది, నమ్మినవాళ్లు మాత్రం తక్కువ. ఆ తర్వాత ఏ ఇంటికి పిలిచినా ఏసమ్మ కుంపటి వాకిట్లోనే ఉండాలనేది, గవాక్షి మూయనిచ్చేది కాదు. బాలింతను చలికి చంపుతుందని ముసలమ్మలు ఆమెను తిప్పి పంపి వేరే మంత్రసానిని తెచ్చుకున్నారు. రెండేళ్లు ఆమెకు తన వాడలో కాన్పులు తప్ప లేవు. కూలికి పోయింది. చలికాలంలో ఏ ఇంట్లో కాన్పు అయిందని విన్నా ఊరుకునేది కాదు. పిలవకపోయినా పోయి, వాకిట్లో నిలబడి, గవాక్షి తెరవమని అడిగేది. కొందరు తిట్టారు, కొందరు తెరిచారు.

ఒకసారి సంతలో తిమ్మమ్మ ఎదురైంది. చంకలో ఆ పిల్ల, దాని చేతిలో బెల్లం ముక్క. తిమ్మమ్మ ఏసమ్మను చూసి, పిల్లను ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకుని, పలకరించకుండా వెళ్లిపోయింది.